షాఫ్టు పోయి సందేశం వచ్చాక

దినపత్రిక మొదటి పేజీలో ఎప్పుడైనా ఒక రంగుల ఫొటో మసకమసకగా అచ్చవుతుంది. మనిషికి రెండేసి పెదవులున్నట్టు, తెల్ల చొక్కా అంచున ఎర్రటి చార ఉన్నట్టు కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పిందంటారు ప్రెస్సు వాళ్లు. రంగుల బొమ్మ ఒక్క దెబ్బతో అచ్చు కాదు. నీలం, గులాబి, పసుపు, నలుపు సిరాలు నాలుగు వేర్వేరు సిలిండర్ల మీంచి ఒకదాని తర్వాత ఒకటి కాగితం మీద పడాలి. నాలుగూ సరిగ్గా ఒకే చోట పడితేనే ముఖం ముఖంలా ఉంటుంది. పదో వంతు మిల్లీమీటరు జరిగితే చాలు, చురుకైన కన్ను పట్టేస్తుంది.

కాగితమేమో ఆగదు. పెద్ద రోటరీ ప్రెస్సులో కాగితం సెకనుకు 10 మీటర్ల వేగంతో పరుగెడుతోందనుకుందాం. అంటే మిల్లీసెకనుకు సెంటీమీటరు. పసుపు సిలిండరు నీలం సిలిండరు కంటే సెకనులో వెయ్యో వంతు వెనకబడితే, ఫొటోలో పసుపు సెంటీమీటరు పక్కకు పడుతుంది. పదో వంతు మిల్లీమీటరు లోపు ఉండాలంటే సిలిండర్ల మధ్య తేడా 10 మైక్రోసెకన్లు దాటకూడదు. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షో వంతు.

పాత ప్రెస్సుల్లో ఈ పూచీ అంతా ఒక పొడుగాటి ఉక్కు షాఫ్టుది. యంత్రం ఈ కొస నుంచి ఆ కొసకు అది సాగి ఉండేది. పెద్ద మోటారు షాఫ్టును తిప్పితే, గేర్లతో దానికి బిగించిన యూనిట్లన్నీ కలిసి తిరిగేవి. 1990ల్లో ఈ షాఫ్టును తీసేయడం మొదలైంది. గేర్లు అరుగుతాయి, పొడుగాటి షాఫ్టు మెలి తిరుగుతుంది, ఒక యూనిట్‌ను మార్చాలంటే మొత్తం ఆపాలి. అందుకని యూనిట్లకు, ఆ తర్వాత సిలిండర్లకు కూడా, సొంత సర్వో మోటార్లు పెట్టారు. ఆ మోటార్లను ఇప్పుడు కలిపి ఉంచుతున్నది ఒక సన్నటి తీగ, అందులో నడిచే సందేశాలు. జర్మనీ యంత్ర తయారీదార్లూ మోటారు డ్రైవుల కంపెనీలూ కలిసి 1980ల చివర్లో రూపొందించిన ‘సెర్కోస్’ అనే నెట్‌వర్క్ ఇటువంటి పనుల కోసమే పుట్టింది. ఆప్టికల్ ఫైబర్ వలయం మీద నడిచే ఆ పద్ధతి 1995లో ఐఈసీ 61491 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది.

ఉక్కు షాఫ్టు ఇచ్చిన భరోసాను తీగలో వచ్చే సందేశం ఇవ్వగలదా? ఫ్యాక్టరీ నెట్‌వర్కుల చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. జవాబు వెతకడానికి ఇంజనీర్లకు దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఆ వెతుకులాట కంప్యూటర్ శాస్త్రంలోని అందమైన అధ్యాయాల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. ఆఫీసు ఇంటర్నెట్ గురించి ఎంతో రాశారు, దీని గురించి తెలుగులో రాసింది చాలా తక్కువ.

రియల్‌టైమ్ అనగానే మెరుపు వేగం అనుకుంటాం. వేగానికీ దీనికీ సంబంధం తక్కువ. రియల్‌టైమ్ అంటే గడువు. సందేశం గడువులోగా చేరుతుందని ముందే లెక్కగట్టి చెప్పగలిగితే అది రియల్‌టైమ్ నెట్‌వర్క్. ఆ గడువు పది మైక్రోసెకన్లు కావచ్చు, పది సెకన్లూ కావచ్చు. సినిమా చూస్తున్నప్పుడు సగటు వేగం బాగుంటే చాలు, మధ్యలో ఒక ప్యాకెట్ ఆలస్యమైతే మనకు తెలియను కూడా తెలియదు. యంత్రానికి సగటుతో పని లేదు. లక్ష సందేశాల్లో 99,999 వెంటనే చేరి ఒక్కటి ఆలస్యమైతే, ఆ ఒక్కసారే రోబో చెయ్యి కారు తలుపును గుద్దుతుంది.

ఎందుకలా? కంట్రోల్ అనేది ఒక చక్రం. సెన్సర్ కొలుస్తుంది, కంట్రోలర్ లెక్క వేస్తుంది, మోటారో వాల్వో కదులుతుంది, మళ్లీ సెన్సర్ కొలుస్తుంది. ఇందులో కబురు పాతబడితే కంట్రోలర్ ఇప్పటి స్థితిని వదిలి ఎప్పటి స్థితినో దిద్దుతుంది. మోటారు ఈలోపు సరైన చోటు చేరిపోయి ఉంటుంది, అయినా ఇంకా తొయ్యమని ఆజ్ఞ వస్తుంది. అది దాటిపోతుంది. ఆ సంగతి ఆలస్యంగా తెలిసి వెనక్కి లాగుతుంది, అదీ ఎక్కువవుతుంది. ఆలస్యం కొంత హద్దు మించితే మోటారు ఊగిసలాటలో పడి ఇక నిలదొక్కుకోదు. ఆలస్యం స్థిరంగా ఉంటే దాన్ని కలుపుకొని కంట్రోలర్‌ను రూపొందించవచ్చు. ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువగా మారుతుంటేనే కష్టం. ఈ హెచ్చుతగ్గులను జిట్టర్ అంటారు. ఈ రంగంలో ఇంజనీర్లకు నిద్ర పట్టనివ్వనిది అదే.

మొదట్లో నెట్‌వర్కే లేదు. ఒక్కో సెన్సర్ నుంచి కంట్రోల్ రూముకు ఒక్కో జత తీగలు. పీడనమో ఉష్ణోగ్రతో కొలిచి, దాన్ని 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటుగా పంపేవారు. ఇప్పటికీ రిఫైనరీల్లో, పవర్ ప్లాంట్లలో ఈ పద్ధతి బతికే ఉంది. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదంటే, తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది. కొలత సున్నా అయితే 4 మిల్లీఆంపియర్లు వస్తుంది. ట్యాంకు ఖాళీ అయిందా, తీగ తెగిందా అన్నది ఆ తేడాతోనే తెలిసిపోతుంది. ఇంత చిన్న ఏర్పాటులో ఇంత ముందుచూపు చూస్తే ఆ పాత ఇంజనీర్ల మీద గౌరవం కలుగుతుంది.

1969లో మోడికాన్ 084 అనే యంత్రం జనరల్ మోటార్స్ కర్మాగారానికి చేరింది. డిక్ మోర్లీ బృందం తయారు చేసిన ఈ ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, అంటే పీఎల్‌సీ, బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే వాళ్ల సంస్థకు 84వ ప్రాజెక్టు. రిలేలు నిండిన బీరువాల పని ఒక్క పెట్టె చేసింది. పీఎల్‌సీలు పెరిగే కొద్దీ అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలసి వచ్చింది. అదే మోడికాన్ 1979లో ‘మాడ్‌బస్’ తెచ్చింది. దాని నియమం సులువు: ఒకరు అడగాలి, ఎవరిని అడిగితే వాళ్లే జవాబివ్వాలి. మిగతావాళ్లు నోరెత్తకూడదు.

మాడ్‌బస్ ఎంత నిదానమో లెక్క వేద్దాం. సెకనుకు 9,600 బిట్ల వేగం. ఒక్కో అక్షరానికి 11 బిట్లు. పది రిజిస్టర్లు చదవమని అడగడానికి 8 అక్షరాలు, జవాబుకు 25 అక్షరాలు. మొత్తం 33 అక్షరాలకు దాదాపు 38 మిల్లీసెకన్లు. రెండు సందేశాలకూ పాటించాల్సిన మౌనం ఇంకో 8 మిల్లీసెకన్లు. పరికరం ఆలోచించుకునే సమయం వదిలేసినా ఒక్కో పరికరానికి 46 మిల్లీసెకన్లు. ఇరవై పరికరాలను వరసగా పలకరించి వచ్చేసరికి సెకను దగ్గరకొస్తుంది. ప్రింటింగ్ ప్రెస్సుకు ఇది పనికిరాదు. నీళ్ల ట్యాంకు మట్టం చూడడానికి మాత్రం దివ్యంగా సరిపోతుంది. పైగా ఈ లెక్క నేను కాగితం మీద వేశాను. పరికరం ఆలోచించుకునే సమయానికీ హద్దు కడితే, ఇంతకంటే ఎక్కువ పట్టదని ముందే చెప్పగలను. అందుకే నత్తనడక నడిచే మాడ్‌బస్ రియల్‌టైమ్ అవుతుంది. దానికంటే వెయ్యి రెట్లు వేగమైన తొలినాటి ఈథర్‌నెట్ అవదు.

ఈథర్‌నెట్ 1973లో జెరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పుట్టింది. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దాని సృష్టికర్తలు. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ దీవుల మధ్య రేడియోతో నడిపిన ‘అలోహా’ నెట్‌వర్క్ దానికి ప్రేరణ. అందరికీ ఒకే తీగ. మాట్లాడే ముందు విను, ఎవరూ మాట్లాడకపోతే మొదలుపెట్టు. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే సందేశాలు గుద్దుకుని రెండూ పాడవుతాయి. అప్పుడు ఇద్దరూ ఆగి, లాటరీ వేసినట్టు చెరొక సంఖ్య ఎంచుకుని అంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తారు. మళ్లీ గుద్దుకుంటే లాటరీ పరిధి రెట్టింపవుతుంది. 16 సార్లు విఫలమైతే ఆ సందేశాన్ని వదిలేస్తారు. ఆఫీసులో ఫైలు పంపుకోవడానికి ఇది అద్భుతమైన పద్ధతి, చవకైనది కూడా. కానీ గడువు ఎంత అని అడిగితే జవాబు లేదు. అదృష్టం బాగుంటే వెంటనే, బాగోకపోతే ఎప్పటికీ చేరకపోవచ్చు.

అదే చిక్కును బాష్ కంపెనీ ఇంజనీర్లు ఇంకో దారిన విప్పారు. కార్లలో తీగల బరువు పెరిగిపోతుంటే 1983లో పని మొదలుపెట్టి, 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో ‘క్యాన్’ అనే నెట్‌వర్క్‌ను ప్రకటించారు. 1991లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కారులోకి ఎక్కింది. ఇవాళ దాదాపు ప్రతి కారులో, ట్రాక్టర్లలో, లిఫ్టుల్లో, ఆస్పత్రి పరికరాల్లో ఉంది. దీని లోపలి పనితీరు దగ్గర కాస్త ఆగి చూడాలి.

క్యాన్‌లోనూ అందరికీ ఒకే జత తీగలు, ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టే అవకాశం ఉంది. అయితే ఆ తీగలకు ఒక లక్షణం ఉంది. ఒకరు సున్నా పెట్టి, ఇంకొకరు ఒకటి పెడితే, తీగ మీద అందరికీ కనిపించేది సున్నానే. సున్నా బలమైనది, ఒకటి బలహీనమైనది. ప్రతి సందేశం ముందు 11 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. బ్రేకు సందేశం సంఖ్య 00010000000 అనుకుందాం, కిటికీ అద్దం సందేశం 00011000000. రెండూ ఒకే క్షణంలో మొదలయ్యాయి. మొదటి బిట్, రెండో బిట్, మూడు, నాలుగు, అన్నీ సమానం. ఇద్దరూ తాము పెట్టిందే తీగ మీద చూస్తున్నారు, ఇంకొకరున్నట్టు ఇద్దరికీ తెలియదు. అయిదో బిట్ దగ్గర బ్రేకు సున్నా పెట్టింది, కిటికీ ఒకటి పెట్టింది. తీగ మీద సున్నా కనిపించింది. ‘నేను ఒకటి పెడితే సున్నా కనిపిస్తోందంటే నాకంటే ముఖ్యమైనవాళ్లెవరో ఉన్నారు’ అని కిటికీకి అర్థమై, అక్కడికక్కడే ఆగిపోతుంది. బ్రేకు సందేశానికి అసలు పోటీ జరిగిన సంగతే తెలియదు. ఒక్క బిట్ కూడా పాడవకుండా అది ముందుకు సాగిపోతుంది. గుద్దుకోవడమనే ప్రమాదాన్నే తీర్పు చెప్పే పద్ధతిగా మార్చేశారు.

దీనికి చెల్లించిన మూల్యం దూరం. ఒక బిట్ తీగ ఆ కొసకు చేరి, అక్కడి జవాబు ఈ కొసకు వచ్చేదాకా అదే బిట్ నడుస్తూ ఉండాలి. అప్పుడే పోటీ కుదురుతుంది. రాగి తీగలో సంకేతం మీటరుకు సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. 40 మీటర్లు పోయి రావడానికి 400 నానోసెకన్లు, చిప్పుల ఆలస్యం అదనం. సెకనుకు పది లక్షల బిట్లంటే ఒక్కో బిట్‌కు దొరికేది 1,000 నానోసెకన్లే. అందుకే ఆ వేగంలో క్యాన్ 40 మీటర్లు దాటదు. ఇంకా దూరం కావాలంటే వేగం తగ్గించుకోవాలి. కాంతి వేగం అనే ప్రకృతి నియమం వర్క్‌షాపు పొడవును నిర్ణయిస్తోందన్నమాట.

మరి గడువు? ఎనిమిది బైట్ల సందేశం, అదనపు బిట్లన్నీ కలుపుకుంటే, గరిష్ఠంగా 135 బిట్లు. అన్నిటికంటే ముఖ్యమైన సందేశం కూడా అప్పటికే మొదలైన ఒక సందేశం పూర్తయ్యేదాకా ఆగాలి, అంటే 135 మైక్రోసెకన్లు. అంతకు మించదు. కింది వరుసల్లోని సందేశాలకు లెక్క కష్టమవుతుంది, పైవాళ్లందరూ ఎన్నిసార్లు అడ్డొస్తారో కూడాలి. 1994లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్ టిండెల్, సహచరులు ఆ లెక్కకు సూత్రం ఇచ్చారు. పరిశ్రమ దాన్ని వాడింది, పుస్తకాల్లోకి ఎక్కింది. 2007లో రాబర్ట్ డేవిస్, అలన్ బర్న్స్, మరో ఇద్దరు పరిశోధకులు అందులో పొరపాటు ఉందని చూపించారు. ఒక సందేశం మొదటిసారి వచ్చినప్పుడు పట్టే సమయమే అతి ఎక్కువని పాత సూత్రం భావించింది. కొన్ని సందర్భాల్లో రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ ఆలస్యమవుతుంది. బర్న్స్ 1994 నాటి పనిలోనూ భాగస్వామే. పదమూడేళ్ల తర్వాత తమ పనిని తామే ఖండించి, సరిదిద్ది, దాని ప్రభావం ఎంతో వివరంగా ప్రచురించారు. శాస్త్రం మీద నమ్మకం పెంచేవి ఇటువంటి పత్రాలే.

ఈలోగా యూరప్, అమెరికాల్లో ప్రమాణాల పోరు నడిచింది. జర్మనీ 1987లో మొదలుపెట్టిన ప్రాజెక్టు నుంచి ప్రొఫిబస్ వచ్చింది, ఊదారంగు కేబులు దాని గుర్తు. ఫ్రాన్స్ ఫిప్ తెచ్చింది, అమెరికా కంపెనీలు ఫౌండేషన్ ఫీల్డ్‌బస్ వెనక నిలబడ్డాయి. అందరికీ ఒకే ప్రమాణం చేద్దామని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ 1980ల మధ్యలో మొదలుపెట్టిన పని దశాబ్దానికి పైగా సాగి, చివరికి ఎనిమిది వేర్వేరు పద్ధతులను ఐఈసీ 61158 అనే ఒకే సంఖ్య కింద చేర్చడంతో ముగిసింది. సంఖ్య ఒక్కటే, పద్ధతులు ఎనిమిది. ఆ మూల్యం చెల్లించింది ఫ్యాక్టరీలే. ఒక కంపెనీ పీఎల్‌సీ కొన్నవాళ్లు మరో కంపెనీ మోటారు పెట్టాలంటే మధ్యలో దుబాసీ పెట్టె కొనాల్సి వచ్చింది. ఇప్పటికీ కొంటూనే ఉన్నారు.

2000 నాటికి ఈథర్‌నెట్ మారిపోయింది. అందరికీ ఒకే తీగ పోయి, ప్రతి పరికరం నుంచి స్విచ్చికి సొంత తీగ వచ్చింది. రాకకూ పోకకూ వేర్వేరు దారులు, గుద్దుకోవడం లేదు. చిప్పులు చవక, వేగం సెకనుకు 10 కోట్ల బిట్లు. ఫ్యాక్టరీలకు దాన్ని తెచ్చుకోవాలన్న ఆశ సహజమే. కానీ సమస్య తీగ నుంచి స్విచ్చిలోకి మారిందంతే. అక్కడ క్యూ ఉంటుంది. కెమెరా పంపిన 1,500 బైట్ల ఫ్రేమ్, అంటే ఈథర్‌నెట్ సందేశం, ఒకటి ముందు నిలబడితే, అది పోవడానికి 123 మైక్రోసెకన్లు. వెనకున్న మోటారు సందేశం పది బైట్లదే అయినా ఆగాల్సిందే. నాలుగు స్విచ్చిలు దాటాలంటే నాలుగు క్యూలు, ఒక్కోదానిలో ఎంతసేపో ఎవరికీ తెలియదు.

జర్మన్ కంపెనీ బెక్‌హాఫ్ 2003లో తెచ్చిన ‘ఈథర్‌క్యాట్’ ఈ క్యూనే లేకుండా చేసింది. స్విచ్చులు తీసేసి పరికరాలను దండలా వరసగా కలిపారు. మాస్టర్, అంటే దండను నడిపే కంట్రోలర్, ఒక్క ఫ్రేమ్ పంపుతుంది, అందులో అందరికీ చోటు ఉంటుంది. ఫ్రేమ్ ఒక పరికరంలో ప్రవేశించగానే చిప్పు దాన్ని పూర్తిగా తీసుకుని దాచుకోదు. బిట్లు ఒకవైపు లోపలికి వస్తుండగానే మరోవైపు బయటికి పోతుంటాయి. తన ఆజ్ఞ ఉన్న చోటు దాటుతుండగా దాన్ని చదువుకుంటుంది, తన కొలత పెట్టాల్సిన చోటు రాగానే అందులో రాసేస్తుంది. ఫ్రేమ్ నడక ఆగదు. ఒక్కో పరికరం దగ్గర ఆలస్యం మైక్రోసెకను అటూ ఇటూ. లోపలి అంకెలు మారాయి గనక చివరన ఉండే తనిఖీ సంకేతాన్ని కూడా దాటుతుండగానే కొత్తగా లెక్కించి రాస్తుంది. ఇదంతా సాఫ్ట్‌వేర్ చేయలేదు, సిలికాన్‌లోనే చెక్కారు. దండ చివరి నుంచి ఫ్రేమ్ వెనక్కి తిరిగి మాస్టర్‌ను చేరుతుంది. ఫ్రేమ్‌లో ఒక లెక్కింపు గడి ఉంటుంది, తన పని చేసుకున్న ప్రతి పరికరమూ దాన్ని పెంచుతుంది. తిరిగొచ్చిన అంకె తాను ఆశించిన అంకెతో సరిపోకపోతే, ఎవరో ఒకరు పలకలేదని మాస్టర్‌కు ఆ చక్రంలోనే తెలిసిపోతుంది. వంద సర్వో మోటార్లను 100 మైక్రోసెకన్లలో పలకరించగలమని ఆ కంపెనీ ప్రకటించింది.

అయినా సందేశం మొదటి మోటారుకు ముందు, నూరో మోటారుకు తర్వాత చేరుతుంది కదా? సిలిండర్లు ఒకేసారి ఎలా కదులుతాయి? దీని జవాబు గడియారాల్లో ఉంది. ఆజ్ఞ చేరిన వెంటనే ఎవరూ కదలరు. ‘ఫలానా క్షణంలో ఫలానా చోట ఉండాలి’ అన్నది ఆజ్ఞ. గడువులోగా చేరితే చాలు, ఆ క్షణం రాగానే అందరూ కలిసి అమలు చేస్తారు. అందుకు అందరి గడియారాలూ ఒకే సమయం చూపాలి. మామూలు క్వార్ట్జ్ గడియారం సెకనుకు 50 మైక్రోసెకన్ల దాకా తప్పగలదు. ప్రెస్సుకు కావలసింది 10 మైక్రోసెకన్ల లోపు. గడియారాలను వాటి మానాన వదిలేస్తే సెకను తిరక్కుండానే పని చెడుతుంది.

గడియారాలను కలిపే పద్ధతికి ఐట్రిపుల్‌ఈ 1588 అని పేరు, 2002లో ప్రమాణమైంది. నాలుగు అంకెలతో లెక్క తేలిపోతుంది. మాస్టర్ తన గడియారంలో 100 అయినప్పుడు సందేశం పంపింది. పరికరం దాన్ని అందుకున్నప్పుడు పరికరం గడియారంలో 160. పరికరం 200కు జవాబు పంపింది. మాస్టర్‌కు అందినప్పుడు మాస్టర్ గడియారంలో 180. పోయేటప్పుడు 60 పట్టినట్టు, వచ్చేటప్పుడు పంపకముందే 20 ముందుగా వచ్చినట్టు కనిపిస్తోంది. 60కి మైనస్ 20 కలిపి సగం చేస్తే 20, అది ప్రయాణ సమయం. 60 నుంచి మైనస్ 20 తీసేసి సగం చేస్తే 40, అది పరికరం గడియారం ముందున్న తేడా. ఇక 40 వెనక్కి తిప్పితే సరి. అయితే పోవడానికీ రావడానికీ ఒకే సమయం పడుతుందన్న నమ్మకం మీద ఈ లెక్క నిలబడింది. దారిలో స్విచ్చి ఒకవైపే ఆపితే లెక్క తప్పుతుంది. అందుకే ఈ పనికి వాడే స్విచ్చులు సందేశాన్ని తమ దగ్గర ఎంతసేపు ఉంచుకున్నాయో అందులోనే రాసి పంపుతాయి. అలా జాగ్రత్త పడితే తేడా మైక్రోసెకను లోపుకి దిగుతుంది. సెకనుకు 10 మీటర్ల కాగితం మీద అది మిల్లీమీటరులో నూరో వంతు. ఉక్కు షాఫ్టు ఇచ్చిన భరోసాను సందేశం అందుకున్నది ఇక్కడే.

ఈథర్‌క్యాట్ లాంటి వాటిలో ఒక లోటుంది. ఆ దండలో కెమెరా వీడియో, ఆఫీసు కంప్యూటర్ల రద్దీ స్వేచ్ఛగా నడవలేవు. అన్నిటికీ ఒకే తీగ కావాలన్న కోరిక నుంచి ‘టైమ్ సెన్సిటివ్ నెట్‌వర్కింగ్’, టీఎస్‌ఎన్, వచ్చింది. ఐట్రిపుల్‌ఈలో ఆడియో, వీడియో పరికరాల కోసం పనిచేస్తున్న బృందమే 2012లో పేరు మార్చుకుని దీన్ని చేపట్టింది. ఇందులో ముఖ్యమైనది 2015లో వచ్చిన 802.1క్యూబీవీ. ప్రతి స్విచ్చిలో ఒక్కో రకం సందేశానికి ఒక్కో క్యూ, ప్రతి క్యూకూ ఒక గేటు, ఏ గేటు ఎప్పుడు తెరవాలో టైమ్‌టేబుల్. అచ్చంగా మన రైల్వే గేటు పద్ధతే. రైలు వచ్చే క్షణానికి పట్టాల మీద లారీ ఉండకూడదు. అందుకని రైలు రావడానికి చాలా ముందే గేటు వేస్తారు, చివర దూరిన లారీ దాటిపోయేంత వ్యవధి చూసుకుని. స్విచ్చిలోనూ అంతే. మోటారు సందేశం వచ్చే ముందు, ఒక పెద్ద ఫ్రేమ్ దాటేంత సేపు, 100 మెగాబిట్ల తీగ మీదైతే ఆ 123 మైక్రోసెకన్లు, ఎవరినీ కొత్తగా బయలుదేరనివ్వరు. అంత సమయమూ తీగ ఖాళీగా ఉండడం వృథా. అందుకు 2016లో ఇంకో ఉపాయం వచ్చింది. పెద్ద ఫ్రేమ్‌ను మధ్యలో తుంచి, ముఖ్యమైనదాన్ని పంపి, మిగతా ముక్కను తర్వాత అతికిస్తారు. దాంతో వృథా పది పన్నెండు మైక్రోసెకన్లకు తగ్గింది.

ఆ టైమ్‌టేబుల్ ఎవరు రాయాలన్నది నా దృష్టిలో ఇంకా తేలని అసలు సమస్య. వందల స్విచ్చులు, వేల సందేశాలు ఉంటే గేట్ల వేళలు కుదర్చడం కంప్యూటర్ శాస్త్రంలో అతి కష్టమైన లెక్కల కోవలోకి వస్తుంది. ఒక కొత్త యంత్రం తెచ్చి తగిలిస్తే మొత్తం మళ్లీ లెక్కించాల్సి రావచ్చు. పాత పద్ధతుల్లో కంపెనీల మధ్య గొడవ ఉన్నా, ఫ్యాక్టరీ టెక్నీషియన్‌కు తన నెట్‌వర్క్ అర్థమయ్యేది. ఆ స్పష్టతను పోగొట్టుకోకుండా టీఎస్‌ఎన్ స్థిరపడాలి.

గడువును గెలిచిన ఈ నెట్‌వర్కులు మరో విషయంలో వెనకబడ్డాయి. మాడ్‌బస్‌లో పాస్‌వర్డు లేదు. ప్రొఫిబస్‌లో ‘నువ్వెవరు’ అని అడిగే ఏర్పాటు లేదు. అవి పుట్టినప్పుడు ఫ్యాక్టరీ గోడే కాపలా. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ ఆ గోడను దాటింది. ఇరాన్‌లోని యురేనియం శుద్ధి యంత్రాలు దాని గురి. సైమాంటెక్ పరిశోధకులు విప్పి చూపిన ప్రకారం, అది పీఎల్‌సీలో దూరి, ప్రొఫిబస్ మీదుగా మోటార్ల వేగాన్ని నియంత్రించే కన్వర్టర్లకు 1,410 హెర్ట్జ్‌కు పెంచమని ఒకసారి, 2 హెర్ట్జ్‌కు తగ్గించమని ఇంకోసారి, మళ్లీ 1,064 హెర్ట్జ్‌కు రమ్మని ఆజ్ఞలు పంపింది. ప్రతి ఆజ్ఞా సరైన రూపంలో, సరైన వేళకు చేరింది. కన్వర్టర్లు విధేయంగా పాటించాయి. ఇప్పుడు సందేశానికి సంతకం చేర్చాలంటే దాన్ని సరిచూసే లెక్క కూడా ఆ వంద మైక్రోసెకన్ల గడువులోనే ఇమడాలి. ఒకసారి బిగిస్తే ఇరవై ఏళ్లు నడిచే యంత్రాల్లో పాత చిప్పులకు అంత సత్తువ లేదు. కాబట్టి చాలా చోట్ల ఇంకా గోడల మీదే, ఫైర్‌వాల్ పెట్టెల మీదే ఆధారపడుతున్నారు.

ఇదంతా పెద్ద ఫ్యాక్టరీల సంగతని ఇంజనీరింగ్ విద్యార్థులు పక్కన పెట్టనక్కర్లేదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలాంటి ఎలక్ట్రానిక్స్ బజారులో ఎంసీపీ2515 చిప్పున్న క్యాన్ మాడ్యూళ్లు చవకగానే దొరుకుతాయి. మూడు తీసుకుని మూడు ఆర్డ్యూనో బోర్డులకు తగిలించండి. ఇద్దరు పంపేవాళ్లు, ఒకరు వినేవాళ్లు. పంపే ఇద్దరికీ పైన చెప్పిన రెండు గుర్తింపు సంఖ్యలు ఇచ్చి, ఇద్దరినీ ఆగకుండా పంపమనండి. కాలేజీ ల్యాబులోని ఆసిలోస్కోపును ఒక్కో పంపే చిప్పు ట్రాన్స్‌మిట్ కాలుకు ఒక్కో ఛానెల్ చొప్పున తగిలించి చూస్తే, ఇద్దరూ కలిసి మొదలై, గుర్తింపు సంఖ్యలోని అయిదో బిట్ దగ్గర ఒకరు ఆగిపోవడం తెర మీదే కనిపిస్తుంది. తీగ రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, మధ్యలోని మాడ్యూల్ మీద జంపర్ తీసేయాలి. కరెంటు పెట్టకముందు రెండు తీగల మధ్య మల్టీమీటరుతో కొలవండి. 60 ఓమ్‌ల దగ్గర చూపిస్తే కనెక్షన్ సరిగ్గా ఉన్నట్టు. 120 చూపిస్తే ఒక కొసన రెసిస్టర్ లేదు, 40 చూపిస్తే ఆ మధ్య జంపర్ తీయడం మరిచారు.